అధమం వచ్చిన బడి

మా అరుగు మీద పిల్లలకు చదువు చెప్పిన పంతులుగారు మొన్న ఏకాదశినాడు తెల్లవారుజామున కన్నుమూశారు. ఆ పొద్దున ఊళ్లో చాలామంది ఆలస్యంగా లేచారు. రోజూ మమ్మల్ని లేపేది ఆ బడి గోలే మరి.

ఆయన దగ్గర చదివినవాళ్లెవరూ దస్తావేజు చదివించుకోవడానికి ఇంకొకరి గుమ్మం తొక్కలేదు. అయినా సర్కారువారి లెక్కలో మా బడి అధమం. అదెలా వచ్చిందో చెప్పాలి.

పెళ్లికి గంగాళాలు, పడవకి గెడలు అడిగి తెచ్చుకోవడం మా కొత్తపేట వైపు మామూలే. బళ్ల ఇన్స్పెక్టరు దొరగారు కాలవ మీద వస్తున్నారని తెలిసి, పొరుగూరి పంతులు మా పంతులుగారి దగ్గరికి వచ్చి తన బడిలో చూపించుకోవడానికి ఆ పూటకి పిల్లల్ని ఎరువడిగాడు. బాగా చదివేవాళ్లను ఏరి మరీ అడిగాడు. ఈయన ఇచ్చేశారు.

అక్కడ పరీక్ష ముగించుకుని దొరగారు చెప్పకుండా అదే పూట మా రేవులో దిగారు. మావాళ్లు అక్కడ బూరెలు తింటున్నారు. అరుగు మీద మిగిలింది ఇసుకలో ఓనమాలు దిద్దే బుడతలు. ఒకడు దొరగారి టోపీ చూసి ఏడుపు లంకించుకున్నాడు. వాణ్ణి చూసి మిగతావాళ్లూ. పొరుగూరికి ఉత్తమం, మాకు అధమం.

సాయంత్రానికే పెద్దలు చేరి, పిల్లలందరినీ ఆ ఉత్తమమైన బడికి మార్చాలని తేల్చేశారు. బడి పోతే పంతులుగారికి ఊళ్లో ఆధారం లేదు. అయినా పిల్లల్ని ఎరువిచ్చిన సంగతి ఆయన బయటపెట్టలేదు. అంతలో బూరెలు మూటగట్టుకుని మా అబ్బాయి దిగాడు.

“అక్కడ దొరగారికి పాఠాలు అప్పజెప్పింది మేమే నాన్నా,” అన్నాడు.

“ఇదేం పనండీ పంతులుగారూ?” అన్నాను.

“అడిగేరండీ. లేదనడం ఎలాగండీ?”

“పైకి అర్జీ పెడదామా?”

“వద్దండీ బాబూ. ఆ పంతులుగారికి చూపు ఆనడం లేదు. బడి పోతే ఏం తింటారండీ? దొరగారు చూసింది ఒక్క పూట. మీరు రోజూ వింటున్నారు కదండీ.”

“ఆయ్,” అన్నాను.

పిల్లలెవరూ కదల్లేదు. తరవాత దొరలు మారారు గానీ మా అధమం మారలేదు. ప్రతిసారీ ఈయన పిల్లల్ని పంపుతూనే ఉన్నారు. అప్పుడు నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు తలచుకుంటే, అలాంటి మనిషి మా అరుగు మీద కూర్చున్నందుకు గర్వంగా ఉంది.

పాడె లేచేసరికి పొరుగూరి పంతులు తన బడినంతా వెంటేసుకొచ్చి అందరి ముందూ భోరుమన్నాడు.

“ఆ ఉత్తమం ఈయనదండీ,” అన్నాడు.

అది అందరికీ తెలిసిందే.

పిల్లల్ని ఊరి చివర ఆపేశాం. ఏం చెయ్యాలో తెలియక రెండు బళ్లవాళ్లూ నిలబడ్డచోటే ఎక్కాలు అందుకున్నారు. పదమూడో ఎక్కంలో ఎవడో తప్పాడు. అందరూ ఠక్కున ఆగి, గట్టు మీద వెళ్తున్న పాడె వైపు చూశారు.