సరిపోలని సింబల్ ఫైలు

మా బావ పోయి ఏడేళ్లవుతోంది. ఆయన చేసే పనేమిటని ఎవరైనా అడిగితే మా అక్కే జవాబు చెప్పేది: "చచ్చిన ప్రోగ్రాములకు పోస్టుమార్టం చేస్తారు. పొద్దస్తమానం వాటితోనే కబుర్లు. బతికున్న నాతో మాట్లాడటానికే తీరికుండదు." బావ నవ్వి ఊరుకునేవాడు.

ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ కుప్పకూలితే, ఆ క్షణాన దాని మెమరీలో ఉన్నది ఒక ఫైలుగా మిగులుతుంది. దాన్ని డంప్ అంటారు. బావ నల్లటి తెర ముందు కూర్చుని, ఒక్కొక్క కమాండే టైపు చేస్తూ, ప్రోగ్రాంలోని ఏ ఫంక్షన్, అంటే ఏ చిన్న భాగం, దేన్ని పిలిచిందో, ఎక్కడ ఊపిరి ఆగిందో వెనక్కి చదివేవాడు. డంపులో ఉండేవి ఒట్టి అంకెలు. వాటికి పేర్లు చెప్పేది సింబల్ ఫైలు. అది ఆ ప్రోగ్రాంతో పాటు పుట్టిందే అయివుండాలి. ప్రోగ్రాంను మార్చి తయారుచేసిన ప్రతిసారీ కొత్తది పుడుతుంది కాబట్టి, మరో రోజుది పనికిరాదు.

బావ ఆఫీసు ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ అమ్మేది. ఒక మధ్యాహ్నం ఓ ఆసుపత్రిలో రక్తపరీక్షల ప్రోగ్రాం వరసగా పడిపోయింది. గంటలో కారణం చెప్పమన్నారు పైవాళ్లు. చూస్తే సరైన సింబల్ ఫైలు లేదు, అంతకు ముందురోజుది ఉంది. సరిపోలడం లేదని, డంపును చదివిపెట్టే డీబగ్గర్ హెచ్చరించింది. ఒక్కరోజులో ఏం మారి ఉంటుందిలే అని బావ బలవంతంగా దాన్నే ఎక్కించాడు. పేర్లు చక్కగా వచ్చాయి. వచ్చి, పక్క సీటు అమ్మాయి రాసిన ఫంక్షన్ దగ్గర ఆగాయి.

"ఇంకోసారి చూడండన్నయ్యా. అది నేను పదిసార్లు పరీక్షించాను."

"నాకు మాత్రం సరదానా తల్లీ? తెర మీద కనబడుతోంది కదా."

రిపోర్టు వెళ్ళింది. మేనేజరు నెల తిరక్కుండా ఆమెను పంపించేశాడు.

ఏడాదిన్నర తర్వాత, పాత డిస్కు ఖాళీ చేస్తుంటే అసలు సింబల్ ఫైలు దొరికింది. మనసాగక బావ ఆ డంపును మళ్ళీ తెరిచాడు. తప్పు బయట కొనుక్కొచ్చిన ప్రింటింగ్ భాగంలో ఉంది. ఆమె ఫంక్షన్ ఆ దారిలోనే లేదు.

"ఇప్పుడదంతా తవ్వి ఎవర్ని ఉద్ధరించాలండీ?" అన్నాడు మేనేజరు.

బావ ఇంటికొచ్చి, బూట్లైనా విప్పకుండా గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. "వెళ్ళి ఆ పిల్లకి చెప్పి రండి. మీ మొహం చూడలేకపోతున్నాను," అంది అక్క. తోడుగా నేను వెళ్ళాను.

ఆమె ఒక మందుల షాపు కౌంటరులో ఉంది. తప్పు తనదేనని బావ రాసి సంతకం పెట్టిన కాగితాన్ని నిలబడే రెండుసార్లు చదివింది. కేకలేస్తుందనుకున్నాం.

"అయితే నేను కాదన్నమాట," అంది మెల్లగా. "మీరు చూశారంటే తిరుగుండదని ఆఫీసంతా అనేవాళ్లు కదన్నయ్యా. నేనూ నమ్మేశాను. మళ్ళీ ఏ ఆసుపత్రిలో ఏం పాడుచేస్తానోనని, ఉద్యోగానికి ఎవరు పిలిచినా వెళ్ళలేదు."

"ఇప్పుడైనా వెళ్ళమ్మా. నేను మాట్లాడతాను."

"ఇక్కడ కూడా మందిచ్చే ముందు చీటీ నాలుగుసార్లు చదువుతాను. ఓనరు తిడతాడు. అయినా చదువుతాను."

కాగితాన్ని మడిచి బావకు ఇవ్వబోయి, మళ్ళీ తన దగ్గరే ఉంచుకుంది. బావ ఇంకేదో అనబోయాడు. వెనక నిలబడ్డ పెద్దాయన చెయ్యి చాచి చీటీ అందించాడు. మేం పక్కకు తప్పుకున్నాం.