ఒక కీబోర్డు, రెండు ఫోన్లు

ఆ ఆదివారం ఉదయం మా చర్చిలో ఉన్నవాళ్లు: అయ్యగారు, మగవాళ్లు పంతొమ్మిది మంది, వాళ్లకు రెట్టింపు పైన ఆడవాళ్లు, మా మేనత్త కొడుకు, నేను. ఉన్న వస్తువులు: స్పీకర్లు రెండు, డోలక్ ఒకటి, నలభై తొమ్మిది మెట్ల కీబోర్డు ఒకటి, దానికి కలపడానికి ఫోన్లు రెండు. ఆ కీబోర్డుకు సొంత గొంతు లేదు. తీగతో ఏ ఫోన్‌కు కలిపితే ఆ ఫోన్‌లోని సింథసైజర్ యాప్ మోగుతుంది. నా ఫోన్‌ది మూడు జీబీ ర్యామ్. బావది రెండు.

తర్వాతి నెలలో ఇటిక్యాలలో మూడు రోజుల సభలు. మా చర్చి నుంచి వాయించడానికి ఒక్కరే వెళ్లాలి. ఎవరన్నది ఆ రోజు విని చెబుతానని అయ్యగారు అన్నారు. ఆ కుర్చీ నాకు కావాలి. నేను వనపర్తిలో డిప్లొమా చదివాను. మెమరీ నిర్వహణ మీద పరీక్షలో పది మార్కుల జవాబు రాశాను. బావ ఏడో తరగతిలో బడి ఆపేసి, మేనత్తతో పాటు పుణేకు కట్టడాల పనికి పోయాడు. అయినా బావ మెట్ల మీద వేళ్లు పెట్టగానే ఆడవాళ్ల వైపు తలలు ఊగేవి. నేను లెక్కపెట్టేవాణ్ని. నాకు ఎప్పుడూ తక్కువే.

మా దగ్గర ఏ పాటో ముందు ఎవరూ చెప్పరు. ఎవరో ఒక అవ్వ ఎత్తుకుంటుంది. వాయించేవాడు శృతి వెతుక్కుని వెంట పోవాలి. ఏ పాటకైనా సిద్ధంగా ఉండాలని తొమ్మిది వాద్యాలను ముందే మెమరీలోకి ఎక్కించాను. పియానో ఒక్కటే ఆరు వందల ఎంబీ. మొత్తం పన్నెండు వందలు దాటింది. మెమరీ నిండిపోతోందని యాప్ ఎర్ర గీత చూపించింది. చూసి వదిలేశాను.

రెండు పాటలు బాగానే నడిచాయి. మూడోది నాకు సగమే వచ్చు. చరణం చూసుకుందామని అదే ఫోన్‌లో పాటల పుస్తకం తెరిచాను. తిరిగి వచ్చేసరికి, చోటు చాలక ఫోన్ నా సింథసైజర్‌ను మూసేసింది. వాద్యాలు మళ్లీ మొదటి నుంచి ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి.

ముందు వరసలో అవ్వ పాట ఆపి అడిగింది. "ఏంరా, నీ పెట్టె మూగవోయిందా?"

"లోడ్ అయితుందవ్వా."

"గది అయ్యేసరికి మేం ఆమెన్ అంటం."

ఆడవాళ్లు నవ్వారు. బావ చెయ్యి చాపాడు. "బామ్మర్దీ, జర తీగ ఇయ్యి."

ఇచ్చాను. అతని ఫోన్‌లో ఉన్నది ఒక్క హార్మోనియం. అదే చరణంలో కలిశాడు. పాటల పుస్తకం అతనికి అక్కరలేదు, అన్నీ నోటికి వచ్చు. ఎవరైనా ఇప్పుడు బావకు ఫోన్ చేస్తే బాగుండు, అతని యాప్ కూడా మూతపడితే బాగుండు. అందరూ ప్రార్థన చేస్తున్నంతసేపూ కళ్లు మూసుకుని నేను కోరుకున్నది అదే. ఎవరూ చెయ్యలేదు.

బయట చెప్పుల దగ్గర అడిగాను. "గంత చిన్న ఫోన్ల ఎట్ల పట్టింది బావా?"

"పట్టలే. కోసేసిన."

చూపించాడు. ప్రతి స్వరానికీ ఒక రికార్డింగ్ ఉండే చోట నాలుగు స్వరాలకు ఒకటి ఉంచాడు. దాన్నే కాస్త పైకీ కిందికీ జరిపి మిగతావి పలికిస్తున్నాడు. కుడి ఎడమ స్పీకర్లకు వేర్వేరుగా ఉన్న శబ్దాన్ని ఒకటి చేశాడు. పొడుగు నాదంలో మొదటి రెండు సెకన్లు ఉంచి, దాని చివరి ముక్కనే తిప్పి తిప్పి మోగిస్తున్నాడు. ఇవన్నీ నేను చదువుకున్న పద్ధతులే.

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"ఎవరు జెప్తరు? పూనల ఒక్క అర్రల ఆరుగురం ఉంటుంటిమి. పెద్ద పెట్టె తెచ్చినోన్ని బైట పండుమంటుంటిమి."

అతని హార్మోనియం నలభై ఒక్క ఎంబీ. "నీకు పంపల్నా?" అన్నాడు. అడగకముందే ఇస్తాననేసరికి నాకు ఇంకా మండింది.

"నా దగ్గర మంచిదే ఉంది" అన్నాను.

అయ్యగారు ఇటిక్యాలకు బావ పేరే చెప్పారు. స్పీకర్లు, తీగలు చూసుకోవడానికి నేనూ వెంట వెళ్లాను. బావ భోజనానికి లేచినప్పుడు నన్ను కూర్చోమనేవాడు. ఫోన్ మార్చడానికి సమయం ఉండేది కాదు, అతని ఫోన్‌లోని హార్మోనియంతోనే వాయించాను. మూడు రోజుల్లో పాడిన పాటలు ఇరవై ఆరు. నేను వాయించినవి నాలుగు.