తప్పులు చెప్పే టీచరమ్మ

పంకజాక్షి టీచరమ్మ ఒక్క మాట కూడా సరిగ్గా చెప్పి ఎరగదు. బడిలో పాఠాలు చెప్పీ చెప్పీ రిటైరైన మనిషి. సాయంత్రమైతే నగరి మగ్గాల వీధిలో తన ఇంటి అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఊరికే చదువు చెప్పేది. ఆవిడ నోట పది మాటలొస్తే తొమ్మిది తప్పులు. మిగిలిన ఒక్కటీ “ఔనా?” అనే మాట.

“ఒరే, మన ఊరి పక్కన పారే ఏరు గోదారే గదా?”

పిల్లలందరూ మోకాళ్ల మీద లేచేవాళ్లు. “కాదవ్వా! కుశస్థలి!”

“ఔనా? ఎవురు చెప్పిరి మీకు?”

“నువ్వే చెప్తివి!”

“నేనా? నాకే తెలీదే!”

వీధంతా మరమగ్గాలే. వాటి చప్పుడులో పక్కనున్న మనిషి మాటే వినబడదు. ఆ చప్పుడును కూడా తొక్కేసి ఆ అరుగు మీద పిల్లల కేకలు వీధి చివరి టీకొట్టు దాకా వినబడేవి.

మనవరాలు తేజస్వినికి అవ్వతో బస్సెక్కాలంటే గుండెదడ. ఒకసారి తిరుపతికి పోతుంటే అవ్వ ముందు సీటు వైపు వంగింది. అక్కడ ఎవరో కొత్త కోడలు అత్తగారి పక్కన తల ఎత్తకుండా కూర్చుని ఉంది.

“ఏమ్మా, తిరపతిలో కొండలు ఆరే గదా?”

ఆ పిల్ల మెల్లిగా, “ఏడవ్వా” అంది.

“ఆరే. నేను చిన్నప్పట్నించీ చూస్తా ఉండా.”

“ఏడవ్వా!” ఆ పిల్ల ఈసారి తలెత్తి గట్టిగానే అంది. అత్తగారు కూడా “ఏడే ఏడే” అని కోడలి పక్షం చేరింది. వెనక సీట్ల వాళ్లు ఒక్కో కొండ పేరూ అప్పజెప్పడం మొదలుపెట్టారు. కండక్టర్ చేతులు జోడించాడు. “టీచరమ్మా, కిటికీ పక్క సీటు ఇప్పిస్తా, రవంతసేపు గమ్మునుండు తల్లీ!”

తేజస్విని సిగ్గుతో పుత్తూరు దాటేదాకా కళ్లు మూసుకునే ఉంది.

అందరూ నవ్వినా కొడుకు మురుగేష్ నవ్వేవాడు కాదు. ఒక్క పోగు తప్పితే పంచె మొత్తం చెడినట్టే అనుకునే మరమగ్గాల మనిషి అతను. తల్లి తప్పు చెప్పినప్పుడల్లా, “మ్మా, నువ్వేనా నాకు ఎక్కాలు నేర్పింది?” అనేవాడు. “ఏమో నాయనా, మీ నాయనేమో” అనేది ఆవిడ. తండ్రికి సంతకం కూడా రాదని ఇంట్లో అందరికీ తెలుసు.

ఇది మతిమరుపేనని మురుగేష్ భయపడ్డాడు. చిత్తూరులో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. తేజస్విని కూడా వెళ్లింది. మండే ఎండ. బయట రోడ్డు మీద మామిడికాయల లారీలు బారులు తీరి ఉన్నాయి. వీళ్లు లోపలికి వెళ్లేసరికి డాక్టరు కొత్తగా చేరిన నర్సును కేకలేస్తున్నాడు. ఆ పిల్ల బీరువా పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంటోంది.

“ఇప్పుడు ఏ కాలం అవ్వా?” అని అడిగాడు డాక్టరు.

“వానకాలం.”

“వందలో ఏడు తీసేస్తే?”

“ఎనబై.”

బీరువా పక్క నుంచి నర్సు గొంతు సన్నగా వినబడింది. “తొంబై మూడు.”

అవ్వ గిరుక్కున అటు తిరిగింది. “ఏందమ్మా? గట్టిగా చెప్పు. నాకు తెలీక అడగతా ఉండా.”

“తొంబై మూడవ్వా. ఇది ఎండాకాలం.”

“ఔనా! ఎంత బాగా చెప్తివి తల్లీ!”

నర్సు నవ్వింది. డాక్టరు నవ్వలేదు. మతిమరుపు మొదలైందన్నాడు. ఆ రోజే మురుగేష్ అరుగు మీద చదువు మాన్పించాడు. అవ్వ కొడుకుతో వాదించలేదు. సాయంత్రమైతే ఖాళీ అరుగు మీద ఒక్కతే కూర్చునేది. వీధిలో మగ్గాల చప్పుడొక్కటే మిగిలింది. 

వారం గడవక ముందే సుభాన్‌బీ వచ్చింది. నూలుకు రంగులద్దే బడే సాహెబ్ భార్య. కూతురు రిహానా ఆమె కొంగు పట్టుకుని వెనక నిలబడింది.

“మురుగేషన్నా, చదువు నిలిపేస్తివంట?”

“అమ్మకు మతి బాగలేదు సుభాన్‌బీ. పిల్లోళ్లకు అన్నీ తప్పులే చెప్తా ఉండాది.”

“ఆ తప్పుల కోసమే గదన్నా మా పిల్ల వచ్చేది! దీనికి నత్తి. బళ్లో పేరడిగితే చెప్పలేక ఏడస్తాది. ఈడ అవ్వ తప్పు చెప్తే మాత్రం, దిద్దాలనే తొందరలో అన్నీ మరిసిపోతాది.”

మురుగేష్ నమ్మనట్టు చూశాడు. అరుగు మీద నుంచి అవ్వ పలకరించింది. “సుభాన్‌బీ, ఈ పిల్ల పేరు రజియా గదా?”

పిల్ల పెదాలు వణికాయి. “రి... రి...”

“రజియానే. నాకు బాగా గుర్తుండాది.”

“కాదు! రిహానా! నా పేరు రిహానా అవ్వా!”

“ఔనా?” అంది అవ్వ.

సుభాన్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.  మురుగేష్ షెడ్డులోకి పోయి తన మగ్గాలు ఆపేశాడు. బయటికొచ్చి, “పిల్లోళ్లని రమ్మను” అన్నాడు కూతురు తేజస్వినితో. బస్సులో తలెత్తిన కొత్త కోడలు, ఆసుపత్రిలో నవ్విన నర్సు ఆమె కళ్ల ముందు మెదిలారు.

చలికాలంలో అవ్వ మంచం పట్టింది. పిల్లలు రోజూ వచ్చి చూసి పోయేవాళ్లు. ఒకరోజు రిహానా మంచం అంచున కూర్చుని అంది. “అవ్వా, ఎల్లుండి నువ్వు లేసి మాకు చదువు చెప్తావు.”

అవ్వ కళ్లు తెరిచి ఆ పిల్లనే చూసింది. “తప్పు చెప్తా ఉండావే” అంది. అవ్వ ఎదుటివాళ్ల తప్పు పట్టడం తేజస్విని వినడం అదే మొదటిసారి.

“చెప్తే ఏమయితాది?” అంది రిహానా ఎక్కడా తడబడకుండా.

అవ్వకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గుతూనే పిల్ల చెయ్యి పట్టుకుని, “ఏమీ కాదు తల్లీ” అంది. రిహానా చెప్పిన ఎల్లుండి అవ్వ లేవలేదు. ఆ మర్నాడు పోయింది.

ఇప్పుడు అరుగు మీద తేజస్విని కూర్చుంటుంది. సరైనది చెప్పడం సులువే. మంచి తప్పు దొరకడమే కష్టం. మరీ పెద్దదైతే పిల్లలు నమ్మరు. మరీ చిన్నదైతే భయపడే పిల్లలకు అందదు. ఒక్కోసారి దానికోసం మధ్యాహ్నమంతా ఆలోచిస్తుంది.

నిన్న ఎంతో ఆలోచించి, “పట్టుపురుగు చెరువులో పెరగతాది గదా?” అంది.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రిహానా పెద్దదానిలా నిట్టూర్చింది.

“అక్కా, నీకు తప్పులు చెప్పేది ఇంకా సరిగ్గా రాలేదు.”