అసలు, నకలు, ఆరు తప్పులు

నిన్న పుస్తకాల బీరువా దులుపుతుంటే నిఘంటువులోంచి మడతపెట్టిన కాగితం ఒకటి జారిపడింది. ఒకటి నుంచి పది వరకు అంకెలు, ఒక్కోదాని పక్కన నా చేతిరాతలో ‘అసలు’ అనో ‘నకలు’ అనో ఒక మాట. వాటిలో ఆరింటి మీద ఎర్రసిరా అడ్డగీతలు. ఆ గీతలు కొట్టింది మా అక్క కూతురు.

అప్పట్లో తను అశోక్ నగర్ హాస్టల్లో ఉండి సర్కారు కొలువు పరీక్షలకు చదువుతుండేది. ఒక గదిలో ముగ్గురు అమ్మాయిలు, మూడు పరీక్షలు, పేజీ తిప్పిన చప్పుడుకు కూడా విసుక్కునేంత నిశ్శబ్దం. తనకేమో ఎలక్ట్రిక్ గిటారు పిచ్చి. అటువంటిచోట ఎలా వాయిస్తుంది? మంచం కింద టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి దాచుకుంది. గిటారు వైరు దానికి గుచ్చి హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే, ఎదురుగా పాతకాలపు గాజు వాల్వుల పెద్ద ఆంప్లిఫైయర్ మోగుతున్నట్టే ఉంటుందట. పక్క మంచానికి వినిపించేది తీగల టిక్కుటిక్కు మాత్రమే. అలా రెండేళ్లు వాయించింది. ఆ సంగీతం విన్న మరో మనిషి లేడు.

నారాయణగూడలో మా హేతువాద మిత్రుల వార్షిక సభ పెట్టుకున్నాం. సభ మొదట్లో పది నిమిషాలు వాయిస్తానని తనే అడిగింది. నేను ఎగిరి గంతేశాను, పెట్టె సంగతి తెలిసేదాకా. శబ్దం మోతాదు మించితే వాల్వుల ఆంప్లిఫైయర్ తట్టుకోలేక గరగరమంటుంది. దాన్ని డిస్టార్షన్ అంటారు. ఒకప్పుడు అది లోపం. గిటారు వాళ్లు దాన్నే ప్రేమించారు. ఇప్పుడీ పెట్టె ఆ లోపాన్ని కూడా లెక్కలు కట్టి నకలు కొడుతోంది! అరచేతిలోంచి బూడిద రాల్చే బాబాలను ముప్ఫై ఏళ్లు వేదికలెక్కి ఏకిపారేసినవాణ్ణి. మా వేదిక మీద నకలు కుదరదన్నాను.

“బాబా ఎప్పుడన్న ఇది గారడీ అని చెప్పిండా మామా?” అంది. పెట్టె తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. “జర సదువు. సిమ్యులేషన్ అని దీని మీదనే రాసున్నది. నకలునే అని ఒప్పుకునేటిది మోసమెట్లయితది?”

వాదనలో ఓడిపోతున్నప్పుడు నేను గొంతు పెంచుతాను, పెంచాను. తను పెంచలేదు. “పరీక్ష పెట్టు. నువ్వు గుర్తువడితే నేను వాయించ” అంది.

పరీక్ష అంటే కాదనే హేతువాది ఉంటాడా? చిక్కడపల్లిలో మా సభలకు పాతికేళ్లు మైకు సెట్టు పెట్టిన తమ్ముడొకడున్నాడు. అతని ఇంట్లో ఆ సభలకు వాడిన పాత వాల్వుల ఆంప్లిఫైయర్ ఇంకా బతికే ఉంది. అతను రెండింటి చప్పుడూ సమానం చేశాడు. నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. తను పదిసార్లు వాయించింది, ఒకసారి దీంట్లో, ఒకసారి దాంట్లో, వరస చెప్పకుండా. నేను మహా నమ్మకంగా రాసుకుంటూపోయాను. ఆరు తప్పు. నాణెం ఎగరేసినా అంతకంటే మేలుగా వచ్చేది.

మైకు తమ్ముడు నవ్వు ఆపుకోలేకపోయాడు. “అన్నా, కోపానికి రావద్దు. ఆ దినాలల్ల నీ గొంతు మస్తు మెత్తగుండె. నేనే దీని వాల్యూం నాబ్ జర ఎక్కువ తిప్పుతుంటి. గొంతు గరగరమనంగనే జనం ఆవేశం అనుకునేటోల్లు.”

“అయితే నా ఆవేశం?”

“సగం నీది. సగం ఈ డబ్బది.”

మేనకోడలు గిటారు మీద వాలిపోయి నవ్వింది. పాతికేళ్లు నా నిజాలు కూడా డిస్టార్షన్‌లోంచే జనానికి చేరాయన్నమాట. అంతమాత్రాన అవి అబద్ధాలు కాలేదు.

సభరోజు తను పెట్టెను వేదిక మధ్యలో, అందరికీ కనపడేలా బల్ల మీదే పెట్టుకుంది. హెడ్‌ఫోన్లకు బదులు హాలు స్పీకర్లు తగిలించింది. మొదటి తీగ మోగగానే హాలు కిటికీలు అదిరాయి. వెనక వరసలో హాస్టల్ అమ్మాయి ఒకతె లేచి నిలబడి, “అక్కా! రెండేండ్లు మా పక్కల ఇదా వాయించినవ్?” అని అరిచింది. తను తల ఎత్తకుండానే నవ్వి, నాబ్ ఇంకాస్త తిప్పింది.

కాగితాన్ని మళ్లీ నిఘంటువులోనే పెట్టాను. ఎర్రసిరా వెలిసిపోతోంది గాని, ఆ ఆరు తప్పులు మాత్రం ఏటికేడు నాకు మరింత ముద్దొస్తున్నాయి.