మూడోవాడు ఎక్కలేని బండి

2003 ఫిబ్రవరి చివర్లో నేను విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సర్వే సంస్థలో అసిస్టెంట్ వేల్యుయర్‌గా పనిచేస్తున్నాను. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి ఈ పనిలోకి వచ్చాను. ఏ విషయాన్నైనా గళ్లు గీసి, అంకెలు వేసి చూసుకుంటే తప్ప నాకు నమ్మకం కలిగేది కాదు. ఆ ఉదయం మా చీఫ్ సర్వేయర్ వీరభద్రరావు గారు ఒక ఫైలు నా బల్ల మీద పెట్టి, "ఇది బ్యాంకు కేసు కాదు. చూసి చెయ్యి" అన్నారు.

ఈ వృత్తి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. మోటారు సర్వేయర్ ప్రధానంగా చేసే పనులు రెండు. ప్రమాదం జరిగిన బండికి నష్టం ఎంతో అంచనా వేయడం మొదటిది. పాత బండి మీద అప్పు ఇచ్చే ముందు బ్యాంకు అడిగితే దాని విలువ కట్టడం రెండోది. ఏ పనిలోనైనా మేము విలువ చెబుతాం గానీ కొనమనో మానమనో చెప్పం. ఈ ఫైలులో బ్యాంకు లేదు, బీమా లేదు. ఆటోనగర్‌లో లారీల కింద బరువు మోసే కమాన్ కట్టలు అమ్మే జలీల్ గారు రెండు పాత స్పోర్ట్స్ కార్లు చూపించి, వాటిలో ఏది కొనాలో చెప్పమంటున్నారు.

రెండూ ఒకే జపాన్ కంపెనీవి, ఒకే పేరువి. పైకప్పు మడిచేసుకునే రెండు సీట్ల బళ్లు. ఎర్రది 1992 తయారీ, చెన్నైలో ఒక విదేశీ ఉద్యోగి తెచ్చుకుని వెళ్లేటప్పుడు అమ్మేసినది. వెండి రంగుది 1999 తయారీ, దాని తర్వాతి రూపం, హైదరాబాదు నుంచి వచ్చింది. వాటిని అమ్మిపెట్టే బ్రోకరు రెంటినీ వారం రోజులకని జలీల్ గారి గోడౌనులో పెట్టించాడు. నేను వెళ్లేసరికి ఇనప కమాన్ కట్టల మధ్య అవి దారి తప్పి వచ్చినట్టు నిలబడి ఉన్నాయి.

"రెండూ అన్నదమ్ములే ఇంజనీరు గారూ. నాకొకటి చాలు. ఏదో మీరు చెప్పండి" అన్నారు జలీల్ గారు. యాభై అయిదేళ్ల మనిషి, చేతులకు ఎప్పుడూ గ్రీజు మరక ఉండేది.

ఆయన తమ్ముడు రఫీ కౌంటర్లోంచి అందుకున్నాడు. "మా అన్నకి కాస్త బుద్ధి చెప్పండి సార్. ఈ డబ్బుకి కొత్త జీపు వస్తుంది. ఇంటిల్లిపాదీ పడతారు."

"అదే వద్దంటున్నా" అన్నారు జలీల్ గారు.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. వాళ్లది ఉమ్మడి కుటుంబం. తల్లి, ముగ్గురు తమ్ముళ్లు, వాళ్ల భార్యలు, పిల్లలు, వచ్చిపోయే చుట్టాలు. పెళ్లయి ముప్పై ఏళ్లయినా ఆయనా, భార్యా ఇద్దరే కలిసి ఒక బండిలో కూర్చున్నది లేదు. "బయటికని తాళం చేతిలోకి తీసుకుంటే చాలు, ఎవరో ఒకరు చెప్పులేసుకుంటారు. అయిదు సీట్లుంటే ఎనిమిదిమంది ఎక్కుతారండీ. రెండు సీట్లుంటే మూడోవాడు ఎక్కడానికి మొహమాటపడతాడు." రఫీ నవ్వాడు. చెప్పులేసుకునేవాళ్లలో తానూ ఒకడినని అతనికి తెలుసు.

జలీల్ గారి భార్య మెహరున్నీసా గారు ఆ మధ్యాహ్నం బళ్లు చూడటానికి గోడౌనుకు వచ్చారు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. నా దగ్గర కొలతల టేపు చూసి, "ఇంజను సంగతి మీరు చూసుకోండి బాబూ, నా సంగతి నేను చెబుతా" అన్నారు. ఆమె షరతు ఒకటే. ఎక్కేటప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోరు, దిగేటప్పుడూ పట్టుకోరు. "నలుగురిలో నన్ను బస్తాలాగా లాగి దింపాల్సొస్తే ఆ బండి రెండోసారి ఎక్కను. ఈయన ఒక్కరే తిరగాలి."

"ఒక్కడినే తిరగడానికైతే నాకు స్కూటరుంది" అన్నారు జలీల్ గారు. ఆ మాట సరదాగా అన్నారు గానీ, మొహంలో నవ్వు లేదు.

నేను నా పద్ధతిలో తనిఖీ మొదలుపెట్టాను. ముందు కాగితాలు: ఆర్సీ, కస్టమ్స్ సుంకం కట్టిన రసీదు, చెన్నై బండికి ఆ రాష్ట్రం వదిలిపోవడానికి అభ్యంతరం లేదనే పత్రం. తర్వాత బాడీ. మెత్తటి గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని రేకు మీద జరుపుతూ వెళ్తాం. ఎక్కడ అంటుకోకుండా జారుతుందో అక్కడ లోపల పుట్టీ పూశారని లెక్క. ఎర్రదాంట్లో తలుపుల కింద రేకు తుప్పు పట్టింది, కప్పు గుడ్డకు అతుకులున్నాయి, వెనక అద్దం బదులున్న ప్లాస్టిక్ పసుపుపచ్చబడింది. వెండిదానికి వెనక నిజమైన అద్దం ఉంది, బ్రేకులు మెరుగు, ఇంజను ఒత్తిడి నాలుగు సిలిండర్లలోనూ సమానంగా వచ్చింది. లోపాలేమంటే పాత యజమాని పొట్టి స్ప్రింగులు వేయించి బండిని నేలకు దించాడు, ముందు బంపరు కింద పెదవిలా ఒక ప్లాస్టిక్ పట్టీ తగిలించాడు, పక్కలు ఎత్తుగా లేచిన రేసు సీట్లు పెట్టించాడు. ఇవి మార్చుకోదగ్గవే కాబట్టి మార్కులు పెద్దగా తగ్గించలేదు. నా లెక్కలో వెండిది స్పష్టంగా ముందుంది.

మెహరున్నీసా గారు చూసింది వేరు. ఎర్రబండి దీపాలు బానెట్‌లో మూసుకుని ఉంటాయి, స్విచ్ వేస్తే పైకి లేస్తాయి. జలీల్ గారు వేసి చూపించగానే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అయ్యో, నిద్ర లేపారు దాన్ని!" అన్నారు. నా షీట్లో దీనికి గడి లేదు.

ఆదివారం రోడ్డు మీద పరీక్ష. దారిలో మూడు రకాల రోడ్డు ఉండేలా చూసుకున్నాను: ఊళ్లో రద్దీ, బందరు రోడ్డు, కంకిపాడు సెంటర్లో కుడివైపు తిరిగితే కాలవ వెంట సాగే పల్లె రోడ్డు. కాలవ గట్టు మీద పోవాలన్నది జలీల్ గారి కోరిక కూడా. ఒక్కో బండిలో ఇద్దరే పడతారు కాబట్టి వాళ్లిద్దరూ వెండిదాంట్లో ముందు, నేను ఒక్కడినీ ఎర్రదాంట్లో వెనక. తిరుగు ప్రయాణంలో బళ్లు మార్చుకోవాలని ఏర్పాటు.

నేను లెక్కలోకి తీసుకోనిది పంట. కృష్ణా డెల్టాలో వరి కోశాక ఆ తడిలోనే మినుములు వేస్తారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మొక్క పీకి, ఎండబెట్టి, ఆ కట్టెను తారు రోడ్డు మీద మందంగా పరుస్తారు. లారీలు, బస్సులు దాని మీదుగా పోతుంటే కాయ పగిలి గింజ రాలుతుంది. రైతుకు నూర్పిడి కూలీ మిగులుతుంది. డ్రైవర్లకూ ఇది అలవాటే, తిట్టుకుంటూనే మెల్లగా పోతారు. కాలవ మలుపు తిరగ్గానే సగం రోడ్డు మీద మోకాలెత్తున మినప కట్టె ఉంది. పంగల కర్రలతో ఆడవాళ్లు, మగవాళ్లు దాన్ని తిరగేస్తున్నారు.

వెండి బండి అందులోకి దిగింది. కానీ కట్టె చక్రాల కిందకు పోలేదు. ముందున్న ప్లాస్టిక్ పెదవి దాన్ని చీపురులా నెట్టుకుంటూ పోతోంది. కొంత బండి కడుపు కిందకు దూరి అక్కడే ఇరుక్కుంటోంది. తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకావిడ కర్ర ఎత్తి పరిగెత్తింది.

"ఆగండాగండి! నూర్చిపెడతారని పరిచాం గానీ ఊడ్చుకుపోతారని కాదండీ!"

అప్పుడే నాకు కాలిన వాసన వచ్చింది. ఇలాంటి బళ్లలో పొగగొట్టం మధ్యన పొగను శుభ్రం చేసే డబ్బా ఒకటి ఉంటుంది. బండి నడుస్తుంటే అది ఎండుగడ్డిని అంటించగలిగేంత వేడెక్కుతుంది. హారన్ మోగిస్తూ ఎర్రబండి ఆపి పరిగెత్తాను. ఇంజను ఆపి ఇద్దరినీ వెంటనే దిగమన్నాను. జలీల్ గారు దిగారు. మెహరున్నీసా గారు లేవబోయారు, ఆ రేసు సీటు లేవనివ్వలేదు. మళ్లీ ప్రయత్నించారు. ఆలస్యం చేసే వీలు లేదు. కర్ర పట్టుకొచ్చినావిడ ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకుని ఆమెను బయటికి లాగాం.

మిగతావాళ్లు పంగల కర్రలతో కట్టె లాగేశారు. లోపల పిడికెడంత నిప్పు రాజుకుంటోంది. ఒక బిందె నీళ్లతో అది ఆరిపోయింది. బండికేమీ కాలేదు. మెహరున్నీసా గారు చీరకంటిన పొట్టు దులుపుకుంటూ, మా ఎవరి వైపూ చూడకుండా భర్తతో అన్నారు: "చూశాం కదండీ. ఇక ఇంట్లో బండి మాటెత్తకండి."

ఆయన రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నారు. ముప్పై ఏళ్లుగా అనుకుంటున్న పని అరగంటలో ముగిసిన మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నారు.

తువ్వాలు చుట్టుకున్నావిడ పేరు నాగమణి. పంట భద్రంగా ఉందని తేలాక ఆమెకు బండి మీద ధ్యాస మళ్లింది. లోపలికి తొంగిచూసి, "ఇద్దరే పడతారా అమ్మా? మరి మీ అత్తగారు, తోటికోడళ్లు ఎక్కడ కూర్చుంటారు?" అంది.

మెహరున్నీసా గారు, "అందుకేనమ్మా కొందామనుకున్నది" అన్నారు.

నాగమణి వెంటనే వెనక్కి తిరిగి తన వాళ్లను పిలిచింది. "ఒసే సీతా, ఇది విన్నావా! అత్తగారు పట్టని బండంట! అమ్మా, నాక్కూడా ఒకటి చూడండమ్మా, మినుములన్నీ అమ్మేస్తా!" ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. మెహరున్నీసా గారికీ నవ్వాగలేదు. నన్ను ఎవరూ అడగలేదు గనక వెండి బండి పక్కన నేల మీద పడుకుని దాని కింద మిగిలిన కట్టె ఏరుతూ ఉండిపోయాను.

ఇప్పుడు ఇంటికి వెళ్లడమెలాగన్నది మిగిలింది. ఆ రోడ్డులో ఆటోలు రావు. వెండిదాంట్లో మళ్లీ కూర్చునేది లేదన్నారామె. "ఎర్రదాంట్లో ఇంటిదాకా. అంతే." దానివి కంపెనీ పెట్టిన మామూలు సీట్లు. ఎత్తు కూడా తగ్గించలేదు. ఆమె ముందు మంచం మీద కూర్చున్నట్టు పక్కకు కూర్చుని, తర్వాత ఒక్కో కాలూ లోపలికి పెట్టుకున్నారు. జలీల్ గారు చెయ్యి చాచి, గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నారు. నాగమణి కట్టెను కాస్త పక్కకు జరిపి దారి ఇచ్చింది. ఒకవైపు చక్రాలు పంట మీదుగా పోయాయి, మామూలు బండిలాగే. "ఇదీ నూర్పిడంటే!" అని వెనకనుంచి అరిచింది.

నేను వెండి బండి చల్లారేదాకా ఆగి, అడుగు భాగం మరోసారి చూసుకుని, కట్టె లేని సగం మీదుగా బయల్దేరాను. కంకిపాడు సెంటర్లో కలుసుకోవాలని అనుకున్నాం. వాళ్లు అక్కడ లేరు. టీ కొట్టు దగ్గర చాలాసేపు చూశాను. జలీల్ గారు సెల్‌ఫోను షాపులో వదిలేసి వచ్చారు. బూత్ నుంచి షాపుకు ఫోన్ చేస్తే, "ఇక్కడికి రాలేదే!" అన్నాడు రఫీ. ఎర్రబండి క్లచ్ దగ్గర నూనె చెమ్మ ఉందని నా షీట్లో నేనే రాశాను. క్లచ్ పోయి ఎక్కడో ఆగిపోయి ఉంటారు, ఈ రోజు ఆమె భరించే రెండో అవమానం అదే అవుతుందని అనుకున్నాను. కాలవ రోడ్డు చివరిదాకా వెనక్కి వెళ్లి వెతికాను. లేరు. చేసేది లేక ఆటోనగర్ చేరాను. రఫీ గేటు దగ్గర అటూ ఇటూ తిరుగుతున్నాడు.

దీపాల వేళకు ఎర్రబండి వచ్చింది, కప్పు తీసి, దీపాలు పైకి లేపుకుని. ఇద్దరి జుట్టూ దుమ్ము కొట్టుకుపోయి ఉంది. మెహరున్నీసా గారు కాళ్లు రెండూ బయట పెట్టి, ముందద్దం చట్రం పట్టుకుని, తనంతట తానే లేచి నిలబడ్డారు.

"ఎక్కడికి పోయారు భాభీ? అమ్మీ పదిసార్లు అడిగింది!" అన్నాడు రఫీ.

"బందరు" అన్నారామె.

"బందరా? ఏం పనుందక్కడ?"

"పనేం లేదు. కంకిపాడు దగ్గర ఎడమకి తిరగాలి, మీ అన్న కుడికి తిప్పారు. నేనేం అనలేదు. మాట్లాడుకుంటూ పోయాం."

"అంతసేపు ఏం మాట్లాడుకున్నారు?"

"నీ గురించే రఫీ. ఎవరూ వినకుండా."

జలీల్ గారు తాళం జేబులో వేసుకున్నారు. బ్రోకరుకు ఏ బండి సంగతి చెప్పాలో నేను అడగలేదు.

మర్నాడు రిపోర్టు రాశాను. రెండు బళ్ల మార్కెట్ విలువ, లోపాలు, కావలసిన మరమ్మతులు. వెండిది మెరుగైన బండి అనే రాశాను, అది నిజం. వీరభద్రరావు గారు చదివి, పార్టీ ఏది తీసుకుంటున్నాడని అడిగారు. ఎర్రది అన్నాను. రిపోర్టులో మార్చవలసిందేమీ లేదని సంతకం పెట్టారు. తర్వాత ఆ బండి బాగానే విసిగించింది. కప్పు కారేది, ఒక దీపం సగం లేచి ఆగిపోయేది, విడిభాగాలు రావడానికి నెలలు పట్టేవి. రిపోర్టులో ఇవన్నీ ఉన్నవే. జలీల్ గారు ఒక్కసారి కూడా నాతో ఫిర్యాదు చేయలేదు. శుక్రవారం నమాజు తర్వాత బందరు రోడ్డు మీద ఆ బండి కనబడేది. ఎప్పుడూ ఇద్దరే ఉండేవారు.

ఈ వృత్తి మానేసేదాకా కొనుగోలుదారుల తనిఖీల్లో ఈ కేసు నుంచి రెండు పద్ధతులు పాటించాను. మొదటిది, పరీక్ష చేసే దారిని పటం చూసి కాక ఆ నెలలో ఆ దారి ఎలా ఉంటుందో కనుక్కుని నిర్ణయించడం. రెండోది, బండిలో ఎక్కువగా కూర్చోబోయే మనిషిని, నేను వెంట లేకుండా, గడువు పెట్టకుండా పంపడం. వాళ్లు తిరిగి వచ్చేదాకా నా అభిప్రాయం రాసేవాడిని కాదు.