సంచిలో ఒక చిన్న మేజోడు

మా కుట్లు అల్లికల టీచరమ్మ పోయారని కోటబొమ్మాళిలో నేనుండే ఇంటికి పోస్టుకార్డు వచ్చింది. ఆవిడ తమ్ముడి భార్య ఎవరిచేతో రాయించిన కార్డు. "జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోనారు. పదకొండో రోజుకి రాగలిగితే రండి." అంతే. చదివి నేను ఏడవలేదు. ముందు భయం వేసింది. ఆ తరవాత, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది, కాస్త తేలికపడ్డాను. ఎందుకో చెబుతాను. ఆవిడను మంచిమాటలతో సాగనంపే అర్హత నాకు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పడం ఒక్కటే నేను చేయగల మర్యాద.

బొబ్బిలి దగ్గర మా ఊళ్లో స్వెట్టరు వేసుకునేంత చలి ఏ ఏడాదీ ఉండదు. అయినా యుద్ధం రోజుల్లో జవాన్ల కోసమని మొదలైన ఊలు అల్లిక ఆడపిల్లల బడిలో పాఠంగా నిలిచిపోయింది. ఎండకు అరచేతులు చెమటపట్టి ఊలు సూదికి అతుక్కునేది. టీచరమ్మ రాగానే సుద్దముక్కను బల్లకేసి నూరి, ఆ పొడి చేతులకు రాసుకోమనేవారు. "సెమట సేత్తో ముట్టుకుంటే ఊలు ముద్దైపోతాదే" అనేవారు.

ఆవిడకో పద్ధతి ఉండేది. బల్ల మీద ఒక పెద్ద పని, స్వెట్టరో శాలువో. భుజానికి వేలాడే గుడ్డసంచిలో ఒక చిన్నది, పసిపిల్లల మేజోడో టోపీయో. పెద్దది అల్లుతూ చేతికి విసుగొచ్చిందనిపిస్తే ఆ వరస పూర్తిచేసి పక్కన పెట్టి, చిన్నది తీసేవారు. అది రెండు రోజుల్లో అయిపోయేది. అయిపోయిందన్న సంతోషంతో మళ్లీ పెద్దదాని దగ్గరికి వెళ్లేవారు. వరసగా రెండు చిన్నవి మాత్రం ఎవరినీ అల్లనిచ్చేవారు కాదు. "పెద్దదొక్కటే పట్టుకుంటే సెయ్యి ఇసిగిపోతాది. సిన్నవే పట్టుకుంటే సెయ్యి సోకులు నేర్సుకుంటాది. రెండూ ఉండాల" అనేవారు.

అయిపోయిన మేజోళ్లు వీధిలో ఎవరింట్లో పురుడొస్తే వాళ్లకు ఇచ్చేసేవారు. భర్త పోయి, పిల్లలు లేక, తమ్ముడి ఇంట్లో ఒక మూల ఉండే మనిషి. ఆవిడకు తనదని చెప్పుకోడానికి ఉన్నది ఆ సంచి ఒక్కటే.

నాకా పద్ధతి దండగనిపించేది. అల్లిక పరీక్ష పాసైతే టీచరు ఉద్యోగం వస్తుంది. తప్పితే ఇంట్లో కూర్చోవాలి. పరీక్షలో పొడుగు చేతుల స్వెట్టరు చూపించాలి. మేజోళ్ల జోలికి పోకుండా రోజంతా స్వెట్టరే అల్లాను. వీపు ముక్క సగానికి వచ్చేసరికి దాన్ని చూస్తేనే ఒళ్లు మండేది. అయినా మొండిగా అల్లాను.

పరీక్ష ఇంకో నెల ఉందనగా ఆవిడ దాన్ని బల్ల మీద పరిచి, వేలితో తడుముతూ ఒక వరస దగ్గర ఆగారు.

"ఇక్కడ్నుంచి నీకు దీనిమీద కోపమొచ్చినాది కదే?"

"లేదండి."

"ఊలు సెప్తంటే నువ్వు లేదంటావేటి? కింద మెత్తగున్నాది, పైన బిగిసిపోనాది. ఇద్దరు మనుసులు అల్లినట్టున్నాది."

సూది లాగేసి, ఊలు కొస పట్టుకుని గుంజారు. పీరియడు గంట కొట్టేలోపు నా మూడు వారాల పని వంకర్లు తిరిగిన ఊలై ఆవిడ ఒళ్లో కుప్పపడింది. అమ్మాయిలంతా కిసుక్కుమన్నారు. ఆవిడ వాళ్లను ఆపలేదు. "సేతకాని దానివైతే ఒగ్గేసీదాన్ని" అని, నా చేతిలో మేజోడు సూదులు పెట్టి, ఇది అయ్యాకే అది ముట్టుకోమన్నారు.

ఏడుస్తూనే అల్లాను. ఏడుపు ఆగాక హెడ్మాస్టరమ్మ గదికి వెళ్లాను.

"మాకు పరీక్ష దగ్గరకొచ్చినాదండి. టీచరమ్మేమో కిలాసులో కూకుని తన మేజోళ్లు అల్లుకుంటన్నారు" అన్నాను.

ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదీ నా తెలివి.

ఆ సంచి ఇక బడికి తేవద్దని హెడ్మాస్టరమ్మ మర్నాడే చెప్పేశారు. అంత తీరిక ఉంది గనక, ఇన్‌స్పెక్టరమ్మ దిగే గదికి మంచం నిండా పరిచే ఊలు దుప్పటి అల్లమన్నారు. అది అయ్యేదాకా ఇంటి దగ్గర కూడా అదే పని, మరొకటి ముట్టుకోకూడదు.

నేను మాత్రం టీచరమ్మ చెప్పినట్టే స్వెట్టరూ మేజోళ్లూ మార్చి మార్చి అల్లి, పరీక్షకు విజయనగరం వెళ్లాను. పరీక్ష చేసినావిడ నా స్వెట్టరు వీపు తడిమి, మొదటి వరస నుంచి చివరిదాకా చెయ్యి మారలేదని మెచ్చుకుంది. నా ఉద్యోగం టీచరమ్మ ఆ రోజు గుంజిన ఊలులోంచే వచ్చింది. తిరిగొచ్చి హెడ్మాస్టరమ్మతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు, నేనూ పూసుకోలేదు.

వానాకాలంలో మొదలైన దుప్పటి మాఘమాసానికి సగమైంది. మొదటి బెత్తెడు మెత్తగా ఉండేదట. పోనుపోను సూది దూరనంత బిగుసుకుపోయిందట. ఒకరోజు వరస మధ్యలో ఆపి, సూదులు బల్ల మీద పెట్టేశారట. వరస మధ్యలో ఆపడం ఆవిడ మాకెప్పుడూ నేర్పలేదు. ఆ తరవాత బడికి వస్తూనే ఉన్నారు గానీ పాఠం నోటితోనే చెప్పేవారు, చేతులు ఒళ్లో పెట్టుకుని.

ఉద్యోగం కాగితం చూపించడానికి ఆవిడ ఇంటికి వెళ్లాను. వసారాలో కూర్చుని ఉన్నారు.

"ఏటైనా అల్లుతన్నారా టీచరమ్మా?" అని అడిగాను. ఏ మొహం పెట్టుకుని అడిగానో నాకే తెలియదు.

"సేతులు ఒల్లనంటన్నాయే. సిన్న మేజోడైనా ఒల్లనంటన్నాయి."

నా రెండు చేతులూ పట్టుకుని, తిప్పి చూశారు.

"మంచి సేతులే. నోరే సేతులంత మంచిది కాదు."

అని, లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చి ఇచ్చారు. నేను గ్లాసు ఖాళీ చేసి వచ్చేశాను. క్షమించమని అప్పుడు అడగలేదు, ఆ తరవాత కూడా వెళ్లలేదు. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలకు సుద్దపొడి ఇస్తాను, పెద్దదానితోపాటు చిన్నది కూడా పెట్టిస్తాను. ఎవరు నేర్పారని అడిగితే ఆవిడ సంగతి చెబుతాను. నా సంగతి ఇవాళే చెబుతున్నాను.

పదకొండో రోజుకి మాత్రం వెళ్లాను. భోజనాలయ్యాక ఆవిడ మరదల్ని పక్కకు పిలిచి, టీచరమ్మ అల్లిక సూదులేమైనా ఉన్నాయా, ఒకటి దాచుకుంటానని అడిగాను.

"ఏటి, ఆ ఇనప పుల్లలేనా? పెద్దవి ఏటయ్యాయో నాకు తెల్దమ్మా. సిన్నదొకటి పెరటి తలుపుకున్నాది, సూడండి."

పెరట్లోకి వెళ్లాను. మేజోళ్లు అల్లే సన్న సూది, తలుపు గొళ్లేనికి అడ్డంగా దూర్చి ఉంది. రోజూ తీసీ పెట్టీ నున్నగా మెరుస్తోంది. లాగితే చేతిలోకి జారి వచ్చింది. తలుపు దానంతటదే తెరుచుకుంది.

"అయ్యో, ఆ పుల్ల ఎట్టీయండమ్మా! మేకలొచ్చెత్తాయి" అని వెనకనుంచి మరదలు కేకేసింది.

తలుపు దగ్గరికి లాగి, సూదిని మళ్లీ గొళ్లెంలో దూర్చాను.