పరదా వెనుక వంద దారాలు

హైదరాబాదు కిషన్‌బాగ్‌లో ఉండే అక్తరున్నీసాకు లెక్కలంటే ఇంత ఇష్టమని 1938 దాకా ఆమెకే తెలియదు. అప్పటికి ముప్పై ఏళ్లు. బడికి పోయింది మూడేళ్లే. ముతక గుడ్డను గుండ్రటి చట్రంలో బిగించి, దారాలు లెక్కపెట్టుకుంటూ దిండు గలీబుల మీద పూలు కుట్టేది.

భర్త అజ్మత్ అలీ సర్వేవాళ్ల దగ్గర గొలుసు పట్టి భూములు కొలిచే నౌకరు. పైమెట్టు ఎక్కాలంటే పరీక్ష రాయాలి, అందులో త్రికోణమితి ఉంది. పింఛను తీసుకుంటున్న లెక్కల పంతులు రామలింగయ్య సారు ప్రతి శుక్రవారం మధ్యాహ్నం వచ్చి ఉర్దూ పుస్తకంలోంచే పాఠం చెప్పేవాడు. సైనును ఆ పుస్తకం ‘జైబ్’ అంటుంది. రాతలో జేబుకూ అవే అక్షరాలు. మొదటి రోజు ఆ మాట చదవగానే అజ్మత్ షేర్వానీ జేబు తడుముకున్నాడు. పరదా వెనుక కూర్చున్న అక్తరున్నీసా నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

“లంబకోణ త్రిభుజంల నూటయాభై డిగ్రీలు ఎట్ల పడ్తయ్ సారూ?” అన్నాడు అజ్మత్.

“త్రిభుజాన్ని ఇడిసిపెట్టు మియా. గుండ్రం గియ్యి. నడుమ నుంచి అంచుకు దూరం ఒకటనుకో. కుడి కొస నుంచి చుక్క పైకి తిరుగుతది. నడుమగీత నుంచి ఎంత ఎత్తుల ఉందో అది జైబ్.”

“ఒకటంటే ఏంది? గజమా, మైలా?”

“నీ ఇష్టం!”

ఆ జవాబుతో అజ్మత్ పూర్తిగా మునిగిపోయాడు. అక్తరున్నీసా చేతిలో సూది మాత్రం ఆగిపోయింది. ఆయన గుండ్రం అంటున్నది ఆమె ఒళ్లోనే ఉంది.

ఇంట్లో ఉన్న చట్రాల్లో నడుమ నుంచి అంచుకు సరిగ్గా వంద దారాలు వచ్చేదాన్ని ఏరుకుంది. ఆ వందే ఒకటి. ఆరు రేకుల పువ్వు కోసం అంచును భాగాలు చేయడం అలవాటే కనుక పన్నెండు గుర్తులు పెట్టింది. ముప్పై డిగ్రీల దగ్గర ఎత్తు యాభై దారాలు. అంటే సగం. నూటయాభై దగ్గరా యాభయ్యే, కాకపోతే ఎడమవైపు. రెండువందల పది దగ్గర మళ్లీ యాభై, ఈసారి కిందికి. కిందికి పోతే తక్కువ, అంటే మైనస్; పైకి పోతే ఎక్కువ. ఇంతేనా! దీనికా ఇంత లొల్లి!

సాయంత్రం మొగుడికి చూపిస్తే ఆయన తల పట్టుకున్నాడు.

“తలకెక్కకుంటే మీ కాలికి కడ్తా,” అంది.

అన్నట్టే చేసింది. తరువాతి శుక్రవారం అజ్మత్ రెండు కాళ్ల బొటనవేళ్లకూ దారాలు కట్టి, పరదా కింది నుంచి తన వైపు లాక్కుంది. కుడి కాలైతే ఎక్కువ, ఎడమ కాలైతే తక్కువ. ఒక్కసారి గుంజితే సగం, రెండుసార్లు గుంజితే ఒకటి.

“నూటయాభైకి జైబ్?”

కుడి కాలు అదిరింది. “సగం సారూ!”

“రెండువందల డెబ్బైకి?”

ఎడమ కాలు రెండుసార్లు ఎగిరింది. “ఒకటి తక్కువ సారూ!”

“శాబాష్! మరి నూటఎనభైకి?”

అజ్మత్ ఎదురుచూశాడు. వేళ్లు ఆడించాడు. దగ్గాడు. పరదా వైపు రెండు జానలు జరిగి, “జల్దీ...” అని గొణిగాడు. రామలింగయ్య కళ్లద్దాలు సవరించుకుని ఆ కాళ్లకేసి వంగి చూశాడు.

ఇక లోపలామెకు ఓపిక పోయింది. “సున్నాకు ఎట్ల గుంజాలె జీ? చుక్క మళ్ల నడుమగీత మీదికే వచ్చింది గద!”

రామలింగయ్య మీసం కాసేపు వణికింది. “బేటీ, నలభై ఐదుకు ఎంత?”

పరదా వెనుక దారాలు లెక్కపెట్టే సడి. “డెబ్బై ఒకటి కన్న జరంత తక్కువ. పైకి గంతే, పక్కకు గంతే.”

పరదా కింది నుంచి చట్రం బయటికి జారింది. రామలింగయ్య పుస్తకం వెనకున్న జైబ్ పట్టిక తీసి చూసుకున్నాడు. ఆ తరువాత చట్రాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు తిప్పాడు. “ముప్పై ఏండ్లు చాక్‌పీసులు అరగ్గొట్టిన. గిట్ల ఒక్కనాడూ చూపెట్టలేదు,” అన్నాడు. ఆ తరువాతనే పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆ రోజు నుంచి ఆయన పరదా వైపు తిరిగి పాఠం చెప్పేవాడు. అజ్మత్ చాయ్ కాచేవాడు. వారంలో మిగతా రోజులు అక్తరున్నీసా భర్తకు పాఠం చెప్పేది, ఆయన తప్పు చెప్పినప్పుడల్లా పదేసి దారాలు లెక్కపెట్టించేది. అజ్మత్ రెండోసారికి పరీక్ష గట్టెక్కాడు. దోస్తులు ముబారక్ చెప్పడానికొస్తే అజ్మత్ సిగ్గుపడకుండా, “నాకేం తెల్వదు భాయ్, లోపలున్నామెను అడుగుండ్రి,” అన్నాడు.

లోపలున్నామె అప్పటికే చంద్రగ్రహణం లెక్క ఎట్లా కడతారో చెప్పమని రామలింగయ్యను సతాయిస్తోంది.